నల్లా నీటిలో క్లోరోఫారం



1889లో హైదరాబాదు నగరం క్లోరోఫారం గురించి ప్రపంచానికి ఒక తీర్పు చెప్పింది. అప్పటికి నలభై ఏళ్లుగా వైద్యులు ఆ ద్రవాన్ని గుడ్డ మీద చుక్కలుగా వేసి, రోగి ముక్కు దగ్గర పట్టి, మత్తు వచ్చాక కత్తి పట్టేవారు. చాలామంది లేచి ఇంటికి వెళ్లేవారు. కొందరు బల్ల మీదే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్న తగవు వైద్యలోకంలో ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ దాన్ని తేల్చాలని పూనుకున్నాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్, మరుసటి ఏడు రెండోది. ఆ రెండోదానికి 'లాన్సెట్' పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, మత్తు ఇంకా తేలికగా ఉన్న దశలోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని ప్రయోగం చేసి చూపించాడు. హైదరాబాదు తీర్పు నిలవలేదు. క్లోరోఫారం క్రమంగా ఆపరేషన్ గదులు దాటి వెళ్లిపోయింది.

అలా వెళ్లిపోయిన పదార్థం ఇవాళ అతి సూక్ష్మమైన మోతాదులో మన నల్లాలో ఉంటుంది. దాన్ని ఎవరూ తెచ్చి పొయ్యరు. నీళ్లలోని క్రిములను చంపడానికి వేసే క్లోరిన్, ఆ నీళ్లలోనే కరిగి ఉన్న ఆకుల సారంతో, నాచుతో కలిసి దాన్ని పుట్టిస్తుంది. నేను హైదరాబాదులోని మౌలాలిలో ఉంటాను. లాలాపేట మీదుగా తార్నాకకు, అక్కడి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్లే దారి నా రోజువారీ దారి. ఈ నాలుగు బస్తీల్లో నీళ్ల గురించి ఎవరు మాట్లాడినా ఒక్కటే మాట వింటాను: "ఇవాళ నల్లా నీళ్లు మందు వాసన కొడుతున్నాయి." ఆ వాసన ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఈ ప్రసంగంలో మీతో పంచుకోవాలని నా కోరిక.

ముందుగా రెండు తేదీలు. 1908 సెప్టెంబర్ 26న అమెరికాలోని జెర్సీ సిటీలో, బూంటన్ జలాశయం నీటికి క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. జాన్ లీల్ అనే వైద్యుడి పట్టుదల అది. ఆ దేశంలో ఒక నగరం నీటికి నిత్యం, ఆగకుండా క్లోరిన్ వేయడం అదే మొదలు. సరిగ్గా రెండు రోజులకు, సెప్టెంబర్ 28న, ఇక్కడ మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా ఆ వరదలో నేలమట్టమైంది. ఆ విలయం తరువాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి సలహాల వెంట 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి వరద నుంచి రక్షణ, తాగడానికి నీరు, రెండూ వాటి నుంచే దొరికాయి. ఎక్కడో అమెరికాలో ఊపందుకున్న పద్ధతి, ఇక్కడ వరద తరువాత కట్టిన చెరువులు, ఈ రెండూ కలిసిన చోట మన నల్లా నీరు మొదలైంది.

అంతకుముందు మనకు ఎక్కువగా బావులు. ఉస్మానియా ప్రాంగణంలో కవయిత్రి మహ్‌లఖా బాయి పేరు మీద ఒక మెట్లబావి ఉంది. బావి నీళ్లు చల్లగా, తియ్యగా ఉండేవని పెద్దవాళ్లు మురిసిపోతూ చెబుతారు. నిజమే. అయితే ఒక బావిలో కలరా పడితే ఆ వాడ వాడంతా ఖాళీ అయ్యేదన్నది కూడా అంతే నిజం. క్లోరిన్ గురించి ఎన్ని ఆక్షేపణలు చెప్పుకున్నా ఈ సంగతి పక్కన పెట్టి మాట్లాడకూడదు.

ఇక అసలు విషయం. క్లోరిన్‌లో ఒక దోషం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసే యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త, నది నీళ్లలో లేని క్లోరోఫారం క్లోరిన్ కలిపాక ఆ నీళ్లలో కనిపిస్తోందని ప్రకటించాడు. అదే ఏడు అమెరికా శాస్త్రజ్ఞులూ విడిగా ఇదే కనుక్కున్నారు. ఆకులు, గడ్డి, నాచు కుళ్లి నీటిలో కరిగినప్పుడు హ్యూమిక్ పదార్థాలు అనేవి మిగులుతాయి. క్లోరిన్ వాటిని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కల్లో ఒకటి క్లోరోఫారం: ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్ పరమాణువులు. నీటిలో బ్రోమైడ్ కూడా ఉంటే, క్లోరిన్ ఉండవలసిన చోట బ్రోమిన్ వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి నాలుగు పదార్థాలను కలిపి ట్రైహాలోమీథేన్‌లు అంటారు. హాలోఎసిటిక్ ఆమ్లాలని ఇంకో కుటుంబం ఉంది. ఇప్పటివరకు గుర్తించిన ఉపఉత్పన్నాలు 700 పైచిలుకు. వాటిలో చట్టాలు హద్దు పెట్టి కొలిపిస్తున్నవి గుప్పెడే.

హద్దులు ఏమిటంటారా? మన భారతీయ ప్రమాణం 10500, 2012 నాటిది, లీటరు నీటిలో క్లోరోఫారం 200 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. బ్రోమిన్ చేరిన వాటిలో బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 60, మిగతా రెండింటికి నూరేసి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరోఫారంకు 300 దాకా ఒప్పుకుంది. అమెరికా 1979లో నాలుగూ కలిపి 100 అని పెట్టి, 1998లో దాన్ని 80కి తగ్గించింది. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు.

ఈ కొలత మనసుకు పట్టాలంటే ఒక లెక్క చూద్దాం. మన ప్రమాణం అంచున, అంటే 200 మైక్రోగ్రాముల దగ్గర ఉన్న నీటిని రోజుకు 2 లీటర్లు తాగారనుకోండి. రోజుకు 400 మైక్రోగ్రాములు. ఒక మిల్లీలీటరు క్లోరోఫారం దాదాపు గ్రామున్నర తూగుతుంది. అంత క్లోరోఫారం నీటి ద్వారా మీ కడుపులోకి చేరాలంటే పదేళ్లు పడుతుంది. ఆనాటి ఆపరేషన్‌లో ఒక్క గంటలో అంతకు ఎన్నో రెట్లు రోగి పీల్చేవాడు. కాబట్టి మత్తు ఇచ్చే క్లోరోఫారం ప్రమాదం వేరు, నీటిలోని క్లోరోఫారం ప్రమాదం వేరు. మొదటిది నిమిషాల్లో గుండెను ఆపే ప్రమాదం. రెండోది ముప్పై, నలభై ఏళ్లపాటు రోజూ కొంచెంగా తగిలే ప్రమాదం.

కొంచెమైతే ఏం, శరీరం బయటికి పంపేస్తుంది కదా అనవచ్చు. పంపుతుంది. క్లోరోఫారం ఒంట్లో పేరుకుపోదు. అయితే దాన్ని విరగ్గొట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది. ఆ విరుపులో ఫాస్జీన్ అనే దుష్టపదార్థం క్షణకాలం పుడుతుంది, చుట్టుపక్కల కణాలను గాయపరుస్తుంది. మోతాదు బాగా ఎక్కువైతే గాయం, మళ్లీ కొత్త కణాలు, మళ్లీ గాయం. ఎలుకల్లో కణుతులు పుట్టింది ఈ దారిలోనే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1976లో ఆ ప్రయోగ ఫలితాలు బయటపెట్టింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫారంను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో, 2బి వర్గంలో ఉంచింది. బ్రోమిన్ చేరిన రకాలు ఇంకా పట్టించుకోదగ్గవి, ఎందుకంటే అవి వేరే దారిలో నేరుగా జన్యుపదార్థాన్నే తాకగలవు.

మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో పదే పదే కనబడేది మూత్రాశయ క్యాన్సర్. దశాబ్దాల పాటు ఈ పదార్థాలు ఎక్కువ ఉన్న నీరు వాడినవారిలో, ముఖ్యంగా మగవారిలో, అది కొంత ఎక్కువ. యూరోపియన్ యూనియన్ దేశాలను కలిపి 2020లో వచ్చిన ఒక అధ్యయనం, అక్కడి మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు 5 శాతాన్ని ట్రైహాలోమీథేన్‌లకు ముడిపెట్టింది. పొగతాగడం వల్ల వచ్చే ముప్పు ముందు ఇది చిన్నదే. అయినా పొగ తాగాలా వద్దా అన్నది మనిషి చేతిలో ఉంది. నీళ్లు తాగకుండా ఎవరుంటారు? గర్భిణుల విషయంలో, పుట్టే బిడ్డ బరువు విషయంలో కూడా పరిశోధనలు జరిగాయి. కొన్నిటిలో సంబంధం కనబడింది, కొన్నిటిలో కనబడలేదు. అంత మాత్రానికి గర్భిణులను బెదరగొట్టడం నాకు ఇష్టం లేదు. నీటిని కొలిచి, తగ్గించగలిగింది తగ్గించడం మాత్రం మన బాధ్యత.

ఇప్పుడు మన బస్తీ వాసన దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే.

హైదరాబాదు నీరు ఇప్పుడు ఎక్కువగా దూరం నుంచి వస్తుంది. 1965 నుంచి మంజీర, ఆ తరువాత సింగూరు, 2004 నుంచి కృష్ణ, 2015 నుంచి గోదావరి. కృష్ణ, గోదావరి నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి వస్తాయి. శుద్ధి కేంద్రంలో పటిక వేసి, బురద తేర్చి, వడకట్టి, క్లోరిన్ వేస్తారు. దారిలో క్లోరిన్ ఖర్చయిపోతుంది కనుక రిజర్వాయర్ల దగ్గర మళ్లీ కలుపుతారు. ఊరి చివరి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఒక చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, రసాయనం చుక్కలు వేసి, పసుపు రంగు వస్తుందా అని చూస్తారే, ఆ పరీక్ష దీనికోసమే.

ఇప్పుడు రిజర్వాయర్ దగ్గరున్న ఇంటిని, లైను చిట్టచివర గల్లీలో ఉన్న ఇంటిని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఇంట్లో మందు వాసన గుప్పుమంటుంది. క్లోరిన్ అప్పుడే పడింది, ఇంకా ఎక్కువ పని చేయలేదు. క్లోరోఫారం తయారవడానికి గంటలు పడుతుంది. చివరి గల్లీ చేరేసరికి క్లోరిన్ తగ్గిపోయింది, వాసన లేదు. ఆ ఇల్లాలు "మా నీళ్లు బాగుంటాయమ్మా, వాసనే ఉండదు" అంటుంది. నిజానికి క్లోరోఫారం ఎక్కువగా తయారై ఉండేది ఆమె బిందెలోనే. క్రిముల నుంచి రక్షణ తక్కువగా ఉండేదీ ఆమె బిందెలోనే. మైక్రోగ్రాముల్లో ఉన్న క్లోరోఫారం ముక్కుకు తెలియదు. మన ముక్కు పట్టేది రక్షకుణ్ణి మాత్రమే.

దీనికి తోడు మన నీటి నిలవ. నీరు రోజు విడిచి రోజు వస్తే సంపులో పట్టుకుంటాం, మోటారు వేసి పైన నల్ల ట్యాంకుకు ఎక్కిస్తాం. మే నెల ఎండకు ఆ ట్యాంకులో నీరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. వేడి పెరిగితే ఈ రసాయన చర్య వేగం పెరుగుతుంది. సంపు అడుగున ఏడాదిగా కడగని బురద ఉంటే, అది క్లోరిన్‌కు పెట్టిన తిండి. తొలకరి వానలకు నదులు, చెరువుల్లోకి కొత్త నీటితో ఆకూ అలమూ కొట్టుకొస్తుంది. అప్పుడు శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కూడా పెంచాల్సి వస్తుంది. అంటే ఎండాకాలం చివర, వానల మొదట్లో ఈ పదార్థాలు పెరగడానికి కావలసినవన్నీ ఒక్కచోట చేరతాయి. అపార్ట్‌మెంట్లలో ఇంకో అలవాటు ఉంది. బోరు నీళ్లు, నల్లా నీళ్లు ఒకే సంపులోకి వదులుతారు. బోరు నీటిలో బ్రోమైడ్ ఉంటే, ఇందాక చెప్పిన బ్రోమిన్ రకాలు తయారయ్యేది అక్కడే. తాగే నీటి సంపును వేరు చేయగలిగిన సొసైటీలు తప్పక చేయాలి.

మరి క్లోరిన్ ఆపేస్తే? ఈ ప్రశ్నకు జవాబు తార్నాకకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది. 2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గర భోలక్‌పూర్‌లో మురుగు నీరు తాగునీటి పైపుల్లో కలిసి కలరా వచ్చింది. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. కొద్ది రోజుల్లోనే! క్లోరోఫారం ముప్పై ఏళ్లలో చేయగలదని భయపడే హాని ఎంతైనా, భోలక్‌పూర్ ఆ వారంలో చూసిన దాని పక్కన పెట్టలేం. 1991లో పెరూ దేశంలో 3 లక్షలకు పైగా కలరా కేసులు వచ్చి, దాదాపు 3 వేల మంది చనిపోయారు. క్లోరోఫారం భయంతో క్లోరిన్ మానేయడమే అందుకు కారణమని చాలాచోట్ల రాశారు. పరిశీలించి చూసినవారు, డబ్బు లేక, సరైన పైపులు, యంత్రాలు లేక క్లోరిన్ అందకపోవడమే పెద్ద కారణమని చెప్పారు. కారణం ఏదైనా, క్లోరిన్ లేని పైపులో క్రిమి ఎంత వేగంగా ఊరేగుతుందో అక్కడ తెలిసింది.

వేరే మందులు లేవా అంటే ఉన్నాయి. ఓజోన్ వాడితే, నీటిలో బ్రోమైడ్ ఉంటే బ్రోమేట్ అనే మరో పదార్థం పుడుతుంది. క్లోరమైన్ వాడితే క్లోరోఫారం తగ్గుతుంది, నైట్రోసమైన్లనే వేరే చిక్కు వస్తుంది. అతినీలలోహిత కిరణాలు క్రిములను చంపుతాయి కానీ, ఆ తరువాత పైపులో చేరే మురుగుకు అడ్డుపడటానికి ఏమీ మిగలదు. మన పైపుల్లో రోజంతా ఒత్తిడి ఉండదు కాబట్టి, మనకు ఆ మిగులు రక్షణ తప్పనిసరి. అందుకే నా నమ్మకం ఇది: క్లోరిన్ ఉండాలి, దాని తిండి తగ్గాలి. పటికతో ఆకుల సారాన్ని ఎక్కువ భాగం దించేశాక, వడకట్టాక, అప్పుడు క్లోరిన్ వేయాలి. బురద నీటికే ముందుగా క్లోరిన్ పోస్తే క్లోరోఫారం పండుతుంది. చెరువుల్లోకి మురుగు రాకుండా ఆపడం కూడా ఈ పనిలో భాగమే. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, ఒడ్డున జరిగే ప్రతి నిర్మాణం, కలిసే ప్రతి కాలువ, ఆ నీళ్లు తాగే ఇళ్ల గ్లాసుల్లోకి వస్తుంది.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని చెబుతాను.

నీళ్లు కాచుకునే అలవాటున్నవారు గిన్నె మీద మూత తీసి, వంటింటి కిటికీ తెరిచి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక కొద్ది నిమిషాలు మసలనివ్వండి. క్లోరోఫారం తేలికగా ఆవిరైపోయే పదార్థం, చాలావరకు పోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాలు అంత సులభంగా పోవు. కాచిన నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఆ తరువాత మూత పెట్టాలి, చెయ్యి ముంచకుండా గరిటెతోనో, కుళాయి ఉన్న పాత్రతోనో తీసుకోవాలి. ఫిల్టర్‌లో బొగ్గు గొట్టం, అదే కార్బన్ కార్ట్‌రిడ్జ్, ఈ పదార్థాలను బాగా పట్టుకుంటుంది. దాని శక్తి కొన్నాళ్లే. గడువు దాటినా అలాగే వాడితే పట్టడం మానేస్తుంది, పైగా క్రిములకు ఇల్లవుతుంది. స్నానాలగది మాట చాలామందికి తట్టదు. తలుపులు బిగించుకుని వేడినీళ్ల షవర్ కింద నిలబడితే, క్లోరోఫారం ఆవిరై ఊపిరిలోకి, చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. తాగడం ద్వారా చేరే దానికి అది తీసిపోదు. వెంటిలేటర్ తెరిచి ఉంచండి.

సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసేవారికి ఒక విన్నపం. నల్లా నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే అసలు వేయనక్కర్లేదు. బోరు నీటికో, ట్యాంకర్ నీటికో వేయాల్సి వస్తే, వెయ్యి లీటర్లకు మంచి పౌడర్ రెండున్నర గ్రాములు చాలు. ఐదు వేల లీటర్ల సంపుకు పన్నెండున్నర గ్రాములు. వాచ్‌మన్ పిడికెడు తీసి విసిరితే అది ఎన్నో రెట్లు. ముందు సంపు కడిగి, పౌడర్‌ను బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే పోసి, గంటసేపు ఆగి వాడుకోవాలి. తడి తగిలిన పాత పౌడర్‌లో సత్తువ ఉండదు.

ఇక వీటన్నిటికంటే నాకు పట్టింపుగా ఉన్న మాట. తార్నాక చుట్టుపక్కల ఉన్నన్ని శాస్త్ర సంస్థలు ఈ దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంటాయి. 1944లో పుట్టిన రసాయన పరిశోధనాలయం, ఇప్పటి ఐఐసీటీ. దాని ప్రాంగణంలోనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' ప్రాంతీయ కేంద్రం. 1958లో కూనూరు నుంచి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ వైపు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, జీవకణ పరిశోధన కేంద్రం సీసీఎంబీ. ఉస్మానియా రసాయన శాస్త్ర విభాగం. నీటిలో క్లోరోఫారం కొలవడానికి కావలసింది గ్యాస్ క్రోమటోగ్రాఫ్ అనే యంత్రం, నమూనా పట్టడం తెలిసిన మనిషి. సీసా నిండా, గాలి బుడగ మిగలకుండా పట్టాలి. మిగిలితే క్లోరోఫారం ఆ గాలిలోకి జారిపోయి లెక్క తక్కువ వస్తుంది. ఎమ్మెస్సీ విద్యార్థులు నేర్చుకుని చేయగలిగిన పని ఇది.

ఆ నమూనా రిజర్వాయర్ గేటు దగ్గర పట్టి లాభం లేదు. మౌలాలి గుట్ట వెనక చివరి గల్లీలో, నీళ్లు ఆలస్యంగా వచ్చే ఇంట్లో, మే నెలాఖరున ఒకసారి, తొలకరి పడ్డ వారంలో ఒకసారి పట్టాలి. అదే నల్లా దగ్గర, అప్పుడే, మిగులు క్లోరిన్ కూడా చూడాలి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి, తెలుగులో, ఉర్దూలో, బస్తీ వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. మీ కాలనీ సంఘం సమావేశంలో ఈ కోరికను నగర నీటి సరఫరా సంస్థ జలమండలికి రాతపూర్వకంగా పంపండి. ఈ వేసవి దాటకముందే పంపండి.